మిరప మునుంలో పన్నెండు వాక్యాలు

బండమీదిపల్లె,
4 నవంబరు 2024

నా బంగారు తల్లి సుజనమ్మకు,

ప్రభువు కృపలోనూ పత్తికొండ ఎండలోనూ మీ అమ్మా నేనూ చల్లగా ఉన్నాం. ముందు ఆ మాట చెప్పేస్తే నీకు గుండె నిమ్మళిస్తుంది. ఫోను చేయమని మీ అమ్మ పోరింది గానీ, నా చెవికి ఫోను ఆనిస్తే తేనెటీగలు గుయ్యిమంటాయే తప్ప నీ గొంతు తెలియదు. అదీగాక ఇంత సంతోషం ఫోనులో పట్టదు.

అమ్మా, నిన్న ఆదివారం నుంచి నేను సండే స్కూలు టీచరును!

రూతమ్మ టీచరు పెళ్ళయి బనగానపల్లెకు పోయింది కదా. ఆరాధన అయినాక పాస్టరు అయ్యగారు "పిల్లల క్లాసు ఎవరు తీసుకుంటారు?" అని అడిగారు. చదువుకున్న వాళ్ళందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను లేచి నిలబడ్డాను.

"ఏమప్పా ఇస్సాకూ, బయటికి పోవల్లనా?" అన్నారు అయ్యగారు.

"లేదయ్యా. పిల్లోళ్ళకి నేను చెప్తా."

చర్చి అంతా నవ్వింది. మీ అమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. నవ్వితే నవ్వనీ. అరవై తొమ్మిదేళ్ళ వయసులో నవ్వులకు భయపడితే ఇంక ధైర్యం ఎప్పుడు నేర్చుకోవాలి? అయ్యగారు నవ్వలేదు. రిజిస్టరు తెచ్చి నా చేతిలో పెట్టారు. పన్నెండు మంది పిల్లలు. ఆ పన్నెండు పేర్లు రాత్రి దాకా చదువుకుంటూనే ఉన్నాను.

ఒక షరతు ఉంది. ఈస్టరుకు ముందు మట్టల ఆదివారం నాడు, చుట్టుపక్కల చర్చిలన్నిటికీ కలిపి పాస్టరేటు పరీక్ష. పన్నెండు కంఠత వాక్యాలు, ఒక ఉపమానం. మన ఊరి నుంచి కనీసం పదిమంది పాసు కావాలి. కాకపోతే మన బడి మూసేసి కొత్తూరు చర్చి బడిలో కలిపేస్తారట. కొత్తూరు ఆరు కిలోమీటర్లు. ఏ తల్లి పంపుతుంది?

నీకు తెలుసు, మూడో తరగతిలో నన్ను మాన్పించి గొర్రెల వెంట పంపారు. ఆ తర్వాత నాకు అక్షరం మరిచిపోకుండా ఉండిందంటే ఆ చిన్న గదిలో ఆదివారం ఆదివారం చదివించిన వాక్యాల వల్లే. ఆ గది లేకపోతే ఈ ఉత్తరం లేదు. కాబట్టి పదిమందిని పాసు చేయించి తీరుతాను. నీకు అక్కడ కడపలో నూట నలభై మంది పిల్లలున్న సండే స్కూలు నడిపిన అనుభవం ఉంది. నాకు ఏం కావాలో నాకంటే నీకే బాగా తెలుసు. పంపు.

అక్షరాలు వంకర పోతే అది సంతోషం, వయసు కాదు.

మీ నాయన ఇస్సాకు
(ఊరికి పెద్ద ఈరన్న, చర్చికి ఇస్సాకు, నిన్నటి నుంచి ఇస్సాకు టీచరు)


కడప,
13 నవంబరు 2024

నాయనా, వందనాలు.

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివి నేనొక్కదాన్నే నవ్వుతుంటే పక్కన టీచర్లు ఏమైందని అడిగారు. మా నాయనకు ఉద్యోగం వచ్చిందని చెప్పాను. స్వీట్లు అడిగారు, తెప్పించాను.

ఈ పొట్లంలో ఉపమానాల బొమ్మల కార్డులు ఉన్నాయి. ప్రతి కార్డు వెనక కథ అచ్చువేసి ఉంటుంది. పన్నెండు వాక్యాలూ నేనే పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను. వారానికి ఒకటి చొప్పున చెబితే పండుగలు, జ్వరాలు అన్నీ పోయినా ఫిబ్రవరికి అయిపోతాయి.

ఒక్క మాట గుర్తుంచుకో. పరీక్షలో ప్రతి పిల్లనూ విడిగా పిలుస్తారు. ఒక్క మాట తప్పినా మార్కు ఇవ్వరు. అధ్యాయం, వచనం ముందూ వెనకా చెప్పాలి. నేను పరీక్షకురాలిగా చాలాచోట్ల కూర్చున్నాను, ఎక్కడ జారిపోతారో తెలుసు.

మోకాళ్ళ నూనె కూడా పెట్టాను. పిల్లల మధ్య కింద కూర్చుంటావు, లేచేటప్పుడు తెలుస్తుంది.

నీ సుజన


బండమీదిపల్లె,
2 డిసెంబరు 2024

నూట నలభై మందికి పెద్ద టీచరూ, నాకు చిన్న పాపా అయిన సుజనమ్మకు,

కార్డులు అందాయి. ఎంత రంగులమ్మా! పిల్లలు వాటిని వాసన చూశారు. మొదటి వాక్యం అందరికీ వచ్చేసింది, రెండోది ఎనిమిది మందికి వచ్చింది. నూనె కూడా పని చేసింది.

నిన్న విత్తేవాడి ఉపమానం చెప్పాను. కార్డు ఎత్తి చూపించాను. బొమ్మలో ఆయన భుజానికి సంచి వేసుకుని గింజలు చల్లుకుంటూ పోతున్నాడు. కొన్ని దారిలో, కొన్ని రాతినేలలో, కొన్ని ముళ్ళలో, కొన్ని మంచి నేలలో. నేను సగంలో ఉండగానే శివజ్యోతి లేచింది. తొమ్మిదేళ్ళ పిల్ల, నోరు మాత్రం తొంభైది. కొత్తగా వచ్చినప్పుడు అయ్యగారు "చర్చి పేరు ఏమిటమ్మా?" అని అడిగితే "అన్నిటికీ ఇదే సామీ" అన్న పిల్ల ఇదే.

"తాతా, ఈయప్పకు సేద్యం రాదా?" అంది.

"ఎందుకమ్మా అట్లంటావు?"

"దోవలో ఏసినాడు, బండ మీద ఏసినాడు, ముండ్లలో ఏసినాడు. మా తాత ఇట్ల ఏసింటే మా అవ్వ ఇంట్లోకి రానీదు."

దాని పక్కనే దాని చిన్నాన్న కొడుకు హనుమేష్. వాడు బొమ్మ దగ్గరికొచ్చి వేలు పెట్టి చూసి, "గొర్రు కొట్టింటే అన్నీ సాళ్ళలోనే పడుండు. ఈయప్పకు గొర్రు లేదు తాతా, పాపం పేదోడు" అన్నాడు.

నిజమే కదా! మన సీమలో ఎవరు విత్తనం చేత్తో చల్లుతారు? గొర్రు మీది చెక్క గిన్నెలో గింజలు పోస్తే గొట్టాల్లోంచి దిగి సాలులోనే పడతాయి. అందుకని నేను అన్నాను: ఆయనకూ గొర్రు ఉంది రా, కాని గొట్టాలు పగిలినాయి, ఎద్దుల్ని గట్టు మీద తిప్పేటప్పుడు గింజలు దారిలోనూ రాళ్ళలోనూ రాలిపోయినాయి అని. అంతే! అందరికీ అర్థమైపోయింది. ఒక్కసారి చెబితే పన్నెండు మందీ తిరిగి చెప్పారు!

మీ అమ్మకు చెబితే, "రెండువేల ఏండ్ల కథకు గొర్రు ఇప్పిచ్చిన మొగోడివి నువ్వే" అంది. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో నాకు ఇంతవరకూ తెలియలేదు. నేను మెచ్చుకోలు కిందే రాసుకున్నాను.

ఉబ్బిపోయి ఉన్న,
మీ నాయన


కడప,
11 డిసెంబరు 2024

నాయనా, వందనాలు.

శివజ్యోతి ప్రశ్నకు నవ్వాను. తర్వాత నీ జవాబు చదివి భయపడ్డాను.

ఆ కథలో గొర్రు లేదు నాయనా. లేనిదాన్ని మనం పెట్టకూడదు. ఆ విత్తేవాడు సేద్యం రాక చల్లలేదు, గొట్టాలు పగిలి రాల్చలేదు. నేల ఎలాంటిదో చూసి బేరం పెట్టకుండా చల్లాడు. దారికీ పడాలి, రాతికీ పడాలి, ఎవరికీ లేదనకూడదు అని. కథలో ఉన్న ధారాళమంతా అక్కడే ఉంది. గొర్రు పెట్టేసరికి అది ప్రమాదం అయిపోయింది. పిల్లలు రేపు పరీక్షలో "గొట్టాలు పగిలినాయి" అంటే సున్నా వేస్తారు, పైగా పక్క ఊళ్ళ వాళ్ళు నవ్వుతారు.

కథ సరిగా తెలియనప్పుడు కార్డు వెనక ఉన్నది చదివి వినిపిస్తే చాలు. సొంతంగా చెప్పకు.

నీ మంచికే రాస్తున్నాను. క్రిస్మసుకు ఇంకో రెండు డజన్ల కార్డులు పంపుతాను.

సుజన


బండమీదిపల్లె,
27 డిసెంబరు 2024

అమ్మా సుజనా,

క్రిస్మసు బాగా జరిగింది. పిల్లలు ఆరు వాక్యాలు అందరి ముందర నిలబడి చెప్పారు. మీ అమ్మ ఏడ్చింది. పొగ అని చెప్పింది. చర్చిలో పొగ ఎక్కడిది?

నువ్వు చెప్పింది నిజం. మరుసటి ఆదివారమే పిల్లలకు చెప్పేశాను, "మీ తాత తప్పు చెప్పినాడు, ఆ కథలో గొర్రు లేదు" అని. నీ ఉత్తరంలో ఉన్న మాటే చెప్పాను. శివజ్యోతి లేచి, "అయితే ఆయప్పకు సేద్యం వచ్చు. తెలిసే చల్లినాడు" అంది. నువ్వు అరపేజీ రాసినది అది నాలుగు మాటల్లో చెప్పింది.

కార్డులు ఇక పంపకు. నాకు వాటితో పని ఉండదు.

కొత్త సంవత్సరం దాటితే ఊళ్ళో ఎవరు ఉంటారు, నీకు తెలియనిదా? సుగ్గి, ఊరంతా కోత కూలికి వలస పోతుంది. నేనొక నిర్ణయానికి వచ్చాను. మీ అమ్మకు ఇంకా చెప్పలేదు. చెప్పినాక ఆమే నీకు ఫోను చేస్తుంది, గట్టిగా.

మీ నాయన


కడప,
19 జనవరి 2025

నాయనా,

అమ్మ ఫోను చేసింది. ఆమె మాటలే రాస్తున్నాను: "మీ నాయన మూట గట్టుకొని మేస్త్రి శేషన్న లారీ ఎక్కినాడే! నందికొట్కూరు తట్టు మిరపకాయలు కోయను పోతాండా అన్నాడు! డెబ్బైకి వచ్చిన మనిషి!"

తప్పు నాదే. "సొంతంగా చెప్పకు" అని రాశాను. రాసినప్పుడు అది టీచరు రాసే మాటలా అనిపించింది. ఇప్పుడు నువ్వు చదివినట్టు ఊహించుకుంటే అది కూతురు రాయకూడని మాట. కార్డులు పంపకు అన్నప్పుడే నాకు అర్థం కావలసింది. నా మీద కోపంతో బడి వదిలేసి కూలికి పోయావా? లేక ఇంట్లో ఏమైనా ఇబ్బందిగా ఉందా? ఉంటే ఒక్క మాట నాకు చెప్పకూడదా?

నీ అల్లుడికి సెలవు దొరికింది. వచ్చే వారం కారు తీసుకుని వచ్చి నిన్ను కడపకు తీసుకొస్తాడు. ఏ ఊరో, ఎవరి చేనో రాయి. ఈ ఉత్తరం అమ్మకు పంపుతున్నాను, ఎట్లాగైనా నీకు చేర్చమని.

సుజన


మిరపచేను, నందికొట్కూరు తట్టు,
3 ఫిబ్రవరి 2025

నా వెర్రి తల్లికి,

నీ ఉత్తరం మీ అమ్మే కొంగున కట్టుకుని తెచ్చింది. అవును, ఆమె కూడా వచ్చేసింది! "నువ్వు వండుకొని తింటే సచ్చిపోతావు, పిల్లోళ్ళకి పెడితే వాళ్ళూ సస్తారు" అని గుడారంలో దిగింది. కాబట్టి అల్లుణ్ణి పంపకు. కోతకు మనిషి తక్కువైతే పంపు, కారు వద్దు.

కోపమా? నీ మీదా? నువ్వు చెప్పిన విత్తేవాడి మాట నేను ఇక్కడ పొద్దూకులూ నెమరేసుకుంటున్నాను. ఇబ్బంది ఏమీ లేదు. సంగతి చాలా చిన్నది. శేషన్న లారీలో మన పన్నెండు మందిలో పదకొండు మంది ఎక్కారు. బడి లారీ ఎక్కి పోతుంటే టీచరు ఇంట్లో కూర్చుని ఎవరికి చెప్పాలి?

శేషన్న అన్నాడు, "ఏమప్పా ఈరన్నా, నువ్వు యాడికి? కూర్చోని తినేదానికా?"

"మునుం పడతా" అన్నాను.

మునుం అంటే నీకు మరపు వచ్చిందేమో, కూలోళ్ళు పక్కపక్కన సాలుకొకరు నిలబడి ఒకే వరసలో కోసుకుంటూ పోవడం. నాకు అర సాలు ఇచ్చాడు. మిగతా సగం మీ అమ్మ కోస్తుంది, మాటల్లోనూ కోస్తుంది.

ఇక్కడ పిల్లల సంగతి విను. చిన్నవాళ్ళు టార్పాలిన్ కింద పసిబిడ్డల్ని ఊపుతారు. పెద్దవాళ్ళు తల్లుల పక్కన సాలు పడతారు. ఊరి సర్కారు బడి అటెండెన్సులో వీళ్ళకు మూడు నెలలు గైర్హాజరే. వీళ్ళకు ఇప్పుడు ఉన్న ఒకే ఒక బడి నేను. అందుకే ఇక్కడ ఆదివారం ఒక్కటే కాదు, రోజూ చెబుతున్నాను. మధ్యాహ్నం సద్ది తిన్నాక ఉపమానం. కార్డులు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు అర్థమైందా? ఈ ఘాటుకు మనుషులే నిలవరు, అట్టముక్కలేం నిలుస్తాయి?

వాక్యాలు మాత్రం చేనులోనే. నేను కనిపెట్టిన పద్ధతి విను. మునుంలో ఒకటో సాలు పిల్ల ఒకటో వాక్యం చెబుతుంది. అది ముగియగానే రెండో సాలు వాడు రెండోది. అట్లా పదకొండు మందీ, చివర నేనూ కలిసి పన్నెండు. తర్వాత అందరూ ఒక సాలు పక్కకు జరుగుతారు. నెల తిరగకముందే పదకొండు మందికీ పన్నెండూ వచ్చేశాయి! పిల్లలకే కాదు, తల్లులకూ వచ్చాయి. మొన్న శేషన్న ఎవరినో తిట్టబోయి నాలుగో వాక్యం అనేశాడు. అందరూ పడీ పడీ నవ్వారు.

చిక్కు ఒక్కటే. కోత ఈస్టరు దగ్గర పడేదాకా ఉంటుందట. మట్టల ఆదివారానికి పిల్లలు ఊరికి రాలేరు. పిల్లలు పరీక్షకు పోలేకపోతే పరీక్షే పిల్లల దగ్గరికి రావాలి. అయ్యగారికీ పాస్టరేటు కమిటీకీ నువ్వు రాయి. పెద్దవాళ్ళకు ఎట్లా రాయాలో నాకు తెలియదు, నేను రాస్తే ఊరికే సంతోషపడుతున్నట్టు ఉంటుంది.

చేతులు మండుతున్నా నవ్వుతూ,
మీ నాయన


కడప,
20 ఫిబ్రవరి 2025

నాయనా, వందనాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఏం రాయాలో తెలియక కమిటీకే ముందు రాశాను. వాళ్ళు పిలిస్తే పత్తికొండకు వెళ్ళి మాట్లాడాను.

మొదట నవ్వారు. "మిరపచేనులో పరీక్షా?" అన్నారు. మీ అయ్యగారు నవ్వలేదు. "పిల్లలు అక్కడ ఉన్నారు. మనం ఎక్కడ ఉన్నాం?" అని ఒక్క మాట అడిగారు. అందరూ ఒప్పుకున్నారు. కాని పరీక్షకులు వేరే పాస్టరేటు నుంచి రావాలి. అంత దూరం ఎవరూ సిద్ధపడలేదు. చివరికి నన్నే అడిగారు. నేను నీ కూతుర్నని అందరి ముందూ చెప్పాను. ఒక పెద్దాయన, "అయితే ఇంకా గట్టిగా చూస్తావులే" అన్నారు.

నిజమే. అందుకే ముందే రాస్తున్నాను. మార్చి 16, ఆదివారం వస్తాను. కూతురిగా రావడం లేదు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెడతాను. నాకు తోచిన నంబరు అడుగుతాను. నేను పది లెక్కపెట్టే లోపల మొదలుపెట్టాలి. మాట తప్పకూడదు. పదిమంది పాసైతేనే పది అని రాస్తాను.

నీ పిల్లలకు దయ కావాలని నువ్వు అడగవని నాకు తెలుసు. అడగకు.

సుజన


కడప,
18 మార్చి 2025

నాయనా,

ఫలితం అయ్యగారికి పంపాను. నీకు నేనే రాయాలి.

పదకొండు మందిలో తొమ్మిది మంది పాసయ్యారు. పది కాదు.

ఉపమానం అందరూ చెప్పారు. అంత బాగా నా నూట నలభై మందిలో ఎవరూ చెప్పరు. కాని వాక్యాల దగ్గర ఒక వింత చూశాను. శివజ్యోతిని తొమ్మిదో వాక్యం అడిగాను. అది నా వైపు చూడలేదు. తన కుడి పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు చూసింది, అక్కడ ఎవరో ముందు మాట్లాడాలన్నట్టు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. దాని పెదవులు కదులుతున్నాయి. ఒకటో వాక్యం నుంచి లోపల లోపల చెప్పుకుంటూ వస్తోంది. తొమ్మిదికి చేరేసరికి నా లెక్క ముప్పై దాటింది. అప్పుడు ఒక్క మాట తప్పకుండా చెప్పింది. నేను సున్నా వేశాను. హనుమేష్‌కూ అంతే జరిగింది. మిగతావాళ్ళు కూడా అట్లాగే వచ్చారు, కాకపోతే వేగంగా వచ్చారు.

ఇద్దరిలో ఒక్కరికి వదిలేసి ఉంటే పది అయ్యేది. నేను వదల్లేదు.

నువ్వు ఆ రోజంతా నన్ను "టీచరమ్మ గారూ" అని పిలిచావు. నాకు మంచం మీద విడిగా అన్నం పెట్టించి, నువ్వు పిల్లలతో కింద కూర్చుని తిన్నావు. బస్సు ఎక్కేటప్పుడు కూడా చెయ్యి జోడించి నమస్కారం పెట్టావు. నీకు కోపం వచ్చిందని తెలుసు. ఆ బడి నీకు ఏమిటో కూడా తెలుసు. తిట్టు నాయనా. కాని ఉత్తరం రాయకుండా ఉండకు.

సుజన


మిరపచేను,
27 మార్చి 2025

నా ప్రాణం సుజనమ్మకు,

తొమ్మిది మంది! అమ్మా, తొమ్మిది మంది! మూడో తరగతి వాడు చెబితే మిరపచేనులో తొమ్మిది మంది పాసయ్యారు! నువ్వేమో చావు కబురు రాసినట్టు రాశావు. నేను చదువుతూ ఎగిరాను, మీ అమ్మ "నడుం పట్టుకుంటాది, దిగు" అంది.

టీచరమ్మ గారు అన్నందుకు బాధపడ్డావా? నువ్వే కదా తల్లీ, కూతురిగా రావడం లేదని రాశావు. ఆ మాట నేను ఆజ్ఞలా పట్టుకున్నాను. నువ్వు నా కూతురివని పిల్లలకు తెలిస్తే వాళ్ళు నీ మొహంలో జవాబు వెతుక్కుంటారు. నేను "అమ్మా" అని పిలిస్తే నీ పెన్ను వంగుతుంది. అందుకే పొద్దున్నుంచీ నాలుక కరుచుకుని తిరిగాను. ఎంత కష్టమైందో! నువ్వు టార్పాలిన్ లోపల లెక్కపెడుతుంటే నేను బయట నిలబడ్డాను. తొమ్మిది తర్వాత పది అనడానికి నువ్వు చాలాసేపు ఆగావట. నాకు వినపడలేదు, మీ అమ్మ చెప్పింది. ఆగినా పది అన్నావు చూడు, ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. నువ్వు అబద్ధంగా పది అని రాసి ఉంటే, రేపు నేను ఏ మొహంతో ఆ పిల్లలకు వాక్యం చెప్పేది?

తప్పు నాది. వరసలో నేర్పాను, ఒంటరిగా నేర్పలేదు. పక్కవాడు అందిస్తే అందుకునేట్టు చేశాను. మనిషికి ఎప్పుడూ పక్కన మునుం ఉండదు కదా. ఆ సంగతి నువ్వు వచ్చి చూపించేదాకా నాకు తట్టలేదు.

శివజ్యోతి ఆ రోజు అన్నం తినలేదు. మరునాడు వచ్చి అడిగింది, "ఆయమ్మ మళ్ళా ఎప్పుడొస్తాది తాతా?"

"ఎందుకమ్మా?"

"ఈ తూరి యాడ పట్టి అడిగినా చెప్తా. నడిమధ్యలో అడగమను. రాయి విసిరినట్ల అడగమను."

అప్పటి నుంచి పన్నెండు నుంచి ఒకటికి వెనక్కి చెప్పుకుంటోంది. హనుమేష్‌ను తోడు పిలిస్తే, "నువ్వు అడిగేది మాత్రం అడుగు, అందీయొద్దు" అని వాడికి షరతు పెట్టింది.

కమిటీ ఏం చేస్తే అది చేయనీ. నా కోసం ఎవరినీ బతిమాలకు. ఇప్పుడు చెబుతున్నాను, ఆ రోజు చెప్పలేనిది: నల్ల అంచు చీరలో చాలా బాగున్నావు, కొంచెం చిక్కావు.

ఉబ్బి తబ్బిబ్బైన,
మీ నాయన


కడప,
15 ఏప్రిల్ 2025

నాయనా, వందనాలు.

నీ ఉత్తరం చదివి స్కూలుకు సెలవు పెట్టాను. ఏడవడానికి ఇంట్లో చోటు చాలలేదు.

మొన్న మట్టల ఆదివారం కమిటీ తీర్మానం చేసింది. ఈస్టరు తర్వాతి ఆదివారం నుంచి బండమీదిపల్లె బడి కొత్తూరులో కలుస్తుంది. గది తాళం చెవి కొత్తూరు వాళ్ళకు ఇవ్వాలి. రిజిస్టరు కూడా. నువ్వు వద్దన్నావు కాబట్టి నేను అడగలేదు. కాని ఇప్పటికీ చెబితే అడుగుతాను.

ఏం చేద్దాం?

నీ సుజన


బండమీదిపల్లె,
28 ఏప్రిల్ 2025

అమ్మా సుజనా,

ఏం చేద్దాం అని అడిగావు. చేసేశాను, ఇప్పుడు రాస్తున్నాను.

కోత ముగిసి ఈస్టరుకు ముందు రోజు అందరం ఊరికి చేరాం. తాళం చెవి, రిజిస్టరు నేనే అయ్యగారి చేతిలో పెట్టాను. ఆయన ఏదో చెప్పబోయారు. "అయ్యా, కొత్తూరులో ఎన్ని గంటలకు?" అని అడిగాను. ఎనిమిదికి అన్నారు.

మొన్న శనివారం సాయంత్రం ఇల్లిల్లూ తిరిగాను. "పొద్దున్నే ఆరింటికి చర్చి ముందర నిలబడండి, నడిచి పోదాం" అని చెప్పాను. హనుమేష్ తల్లి తలుపులోనే నిలబెట్టింది. "ఆరు కిలోమీటర్లు పసిబిడ్డలు యాడ నడుస్తారు మామా?"

"మిరపచేనులో పొద్దూకులూ ఎంత నడిచినారో నువ్వు కొలిచినావా మ్మా?" అన్నాను. కఠినంగా అన్నానేమో. ఆమె తలుపు వేసుకుంది. నాకు నలుగురు వస్తే చాలనిపించింది.

నిన్న పొద్దున ఆరింటికి పోయి చూస్తే పదిహేడు మంది! లారీ ఎక్కని పన్నెండో పిల్లా వచ్చింది. కొత్తగా చిన్నవాళ్ళు ఐదుగురు. హనుమేష్ తల్లి కూడా వచ్చింది, చంకన పసిబిడ్డతో. "నువ్వు ఇంత గట్టిగా అంటే రాకుండా ఎట్ల ఉంటా?" అని మూతి తిప్పింది. మీ అమ్మ మజ్జిగ బిందె ఎత్తుకుంది.

పోయేటప్పుడు తప్పిపోయిన గొర్రె కథ చెప్పాను. నడుస్తూ చెబితే ఆ కథ ఎంత బాగుందో! ఆగిపోయిన వాళ్ళ కోసం వెనక్కి పోవడం, ఎత్తుకుని రావడం, అన్నీ చేసి చూపించాం. వాక్యాలకు ఇప్పుడు వరస లేదు. ఒక పిల్ల ఇరవై అడుగులు ముందుకు పోయి ఒంటరిగా నిలబడాలి. నేను నాకు తోచిన నంబరు అరుస్తాను. ఆ పిల్ల మా అందరికీ వినపడేట్టు చెప్పాలి. నాకే వినపడిందంటే ఎంత గట్టిగా చెప్పారో చూసుకో!

దారిలో గొర్రెలు తోలుకుంటూ హులిగెమ్మ ఎదురైంది. "ఏమన్నా, ఈ మందను యాడికి తోల్తాండావు?"

"బడికి."

"బడి మూసినారంట కదా?"

"గది మూసినారు చెల్లీ" అన్నాను.

కొత్తూరులో టీచరు మధులత, డిగ్రీ చదివే పాప. ఎనిమిది మందితో కూర్చుని ఉండింది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. చాపలు చాలక పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టాం. ఆ పాప శివజ్యోతిని లేపి, "ఏదీ, నీకు వచ్చిన వాక్యం ఒకటి చెప్పమ్మా" అంది.

"ఎన్నోది?" అంది మన పిల్ల.

ఆ పాప నవ్వి "ఏడోది" అంది. ఏడోది చెప్పింది. "మూడోది." చెప్పింది. "పదకొండు." చెప్పింది. ఆ పాప మాట పూర్తి కాకముందే ఇది మొదలుపెడుతోంది. నీ పది లెక్కలో ఒకటి కూడా ఖర్చు కాలేదు తల్లీ.

వచ్చేటప్పుడు ఎండ ఎక్కింది. తలకు తువ్వాళ్ళు కట్టుకుని ఆవగింజ కథ చెప్పుకుంటూ వచ్చాం. మజ్జిగ సగం దారిలోనే అయిపోయింది. ఇద్దరు చిన్నపిల్లలకు చెప్పులు లేవు, పెద్దవాళ్ళు వంతులవారీగా ఎత్తుకున్నారు. వచ్చే ఆదివారానికి చెప్పులు చూడాలి, కొలతలు ఈ కాగితం వెనక గీసి పంపుతున్నాను.

ఇప్పుడు నువ్వే లెక్క చూడు. ఊళ్ళో గది ఉన్నప్పుడు నాకు వారానికి ఒక్క గంట ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు పోను గంటన్నర, రాను గంటన్నర. పోయేటప్పుడు ఒక ఉపమానం, వచ్చేటప్పుడు ఇంకొకటి. ఇంత సమయం నాకు ఎవరు ఇస్తారమ్మా? కమిటీ వాళ్ళకు నా తరఫున వందనాలు చెప్పు. ఎగతాళి కాదు, నిజంగానే చెబుతున్నాను.

నీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని రాస్తున్న,
మీ నాయన ఇస్సాకు